తలుపు తట్టే అధికారం

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక బందిపోటు కేసులో ఇరికించారు. సాక్ష్యం దొరక్క వదిలేశారు. కేసు పోయింది గానీ పోలీసు రికార్డుల్లో పేరు పోలేదు. అతని మీద హిస్టరీ షీట్ తెరిచారు. ఇక అప్పటి నుంచి రాత్రిళ్లు చౌకీదారు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు బాదడం, కేకలేసి నిద్రలేపడం, ఒక్కోసారి లోపలికే రావడం మామూలైపోయిందని అతని ఫిర్యాదు. పొరుగూరికి వెళ్లాలంటే ఎక్కడికి, ఎందుకు, మళ్లీ ఎప్పుడు వస్తావో చౌకీదారుకు చెప్పుకోవాలి. అతనికన్నా ముందు ఆ ఊరి పోలీసులకు కబురు చేరేది.

విసిగిపోయి అతను నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఇదంతా ఏ చట్టం ప్రకారం చేస్తున్నారని కోర్టు అడిగితే యూపీ ప్రభుత్వం చూపించింది పోలీసు రెగ్యులేషన్లలోని 236వ నిబంధన. ఇంటి దగ్గర రహస్యంగా కాపు కాయడం, రాత్రిపూట ఇంటికి వెళ్లి చూడటం, రాకపోకలు రాసుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. అయితే అది శాసనసభ చేసిన చట్టం కాదు. శాఖ తనకు తాను రాసుకున్న సూచనల పుస్తకం. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇంటిమీదికి వెళ్లడం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మిగతా నిఘాను మాత్రం నలుగురు న్యాయమూర్తులు తప్పు పట్టలేదు. రాజ్యాంగంలో గోప్యత అనే హక్కే లేదన్నారు.

ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు మన రాజమండ్రి వారు, కోకా సుబ్బారావు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా చేసి సుప్రీంకోర్టుకు వెళ్లినవారు. నిబంధన మొత్తం చెల్లదని ఆయన, జస్టిస్ షా రాశారు. ఒంటికి సంకెళ్లు వేయడం ఒక్కటే నిర్బంధం కాదు, మనసు మీద పడే ఒత్తిడి అంతకన్నా హాని చేయగలదు, నిరంతరం ఎవరో గమనిస్తూనే ఉంటే తిరగడానికి దేశమంతా ఉన్నా మనిషికి స్వేచ్ఛ లేనట్టే అన్నది ఆయన వాదన. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయలేని భాగమని అప్పుడే తేల్చి చెప్పారు. అది మైనారిటీ తీర్పు కాబట్టి చట్టం కాలేదు. దాదాపు 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఖరక్ సింగ్ తీర్పులో గోప్యత లేదన్న భాగాన్ని తోసిపుచ్చారు. రాత్రి తలుపు తట్టడం తప్పంటూనే గోప్యత లేదనడం ఒకదానికొకటి పొసగని మాటలని కూడా ఎత్తిచూపారు.

తీర్పులు మారినా తలుపు చప్పుడు ఆగలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టేషన్లలో రౌడీషీట్లు, సస్పెక్ట్ షీట్లు ఉన్నాయి. పండగొచ్చినా ఎన్నికలొచ్చినా షీట్ ఉన్నవాళ్లను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చామని పోలీసులే పత్రికలకు ఫొటోలు ఇస్తుంటారు. ఈ షీట్లకు ఆధారం ఏమిటంటే, మళ్లీ శాఖ రాసుకున్న పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లే. వాటికి చట్టబలం లేదని, వాటి మీద ఆధారపడి రౌడీషీట్లు తెరవడం కుదరదని 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు ఇచ్చారు. నిఘా పేరుతో అర్ధరాత్రి ఇళ్ల తలుపులు తట్టే హక్కు పోలీసులకు లేదని 2025లో కేరళ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. 1962లోనే తేలిపోయిన సంగతి ఇది.

పోలీసుల వైపు నుంచి చూస్తే కూడా కొంత న్యాయం ఉంది. దొంగ వారంటు వచ్చేదాకా ఆగడు. గంజాయి మూట మేజిస్ట్రేటు సంతకం కోసం ఎదురుచూడదు. అందుకే వారంటు లేకుండా ఇంట్లోకి వెళ్లే వీలు చట్టమే ఇచ్చింది. పాత సీఆర్‌పీసీలో 165వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 185వ సెక్షన్ చెప్పేది అదే. అయితే దానికి ముందు దర్యాప్తులో ఒక నేరం ఉండాలి. దానికి అవసరమైన వస్తువు ఆ ఇంట్లో ఉందని, ఆలస్యం చేస్తే దొరకదని అధికారి నమ్మడానికి కారణాలు ఉండాలి. ఆ కారణాలను, వెతికే వస్తువు ఏదో కూడా వీలైనంత వరకు ముందే కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం 48 గంటల్లోపు దగ్గరలోని మేజిస్ట్రేటుకు చేరాలి. సోదా చేసేటప్పుడు ఆ ప్రాంతంలోని ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి, ఇంటివాళ్లను చూడనివ్వాలి. ఒకే సాక్షి కేసు తర్వాత కేసులో సంతకం చేస్తూ పోయే ‘స్టాక్ విట్నెస్’ బాగోతం కోర్టుల్లో పనిచేసే వాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు హైదరాబాద్ బస్తీల్లో జరిగే కార్డన్ సెర్చ్‌ను ఈ షరతుల పక్కన పెట్టి చూడాలి. పత్రికల్లో వీటినే నిర్బంధ తనిఖీలంటారు. పెద్ద సంఖ్యలో పోలీసులు ఒక బస్తీని చుట్టుముట్టి, ఇంటింటికీ తిరిగి, ఆధార్ కార్డులు, బండి కాగితాలు అడుగుతారు. కాగితాలు లేని బైకులు వరసగా నిలబెట్టి, వెనక అధికారులు నిలబడ్డ ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది. కొన్నిచోట్ల దీనికే కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రాం అని కొత్త పేరు పెట్టారు. ఏ నేరం దర్యాప్తులో, ఏ వస్తువు కోసం, ఏ ఇంట్లోకి అన్న ప్రశ్నలకు ఈ ఫొటోల్లో జవాబు ఉండదు. ఈ వార్తల్లో గేటెడ్ కమ్యూనిటీల పేర్లు కనిపించడం కూడా అరుదే. 2021 అక్టోబరులో అదే నగరంలో రోడ్డు మీద పోయేవాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని, చాటింగుల్లో గంజాయి అన్న మాట కోసం పోలీసులు వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. నేటి మనిషికి ఇంటికన్నా ఎక్కువ దాపరికం ఆ ఫోన్లోనే ఉంటుంది.

నియమాలు లేకపోవడం కాదు ఇక్కడ కొరత. తప్పితే ఏమవుతుందన్న దగ్గరే అసలు చిక్కు. 1959లో రాజస్థాన్ కేసొకటి సుప్రీంకోర్టులో తీర్పుకు వచ్చింది. కారణాలు రాయకుండా సోదాకు వచ్చిన ఎక్సైజ్ అధికారులను అడ్డుకున్నాడని ఒకతని మీద కేసు. సోదాయే చట్టప్రకారం లేనప్పుడు అడ్డుకున్నందుకు శిక్షించలేమని కోర్టు తేల్చింది. (ఇది చదివి ఎవరూ ఎస్సైకి అడ్డంగా నిలబడొద్దు; కోర్టులో గెలవడానికి ముందు లాఠీని దాటాలి.) కానీ 1973లో పూరణ్ మల్ కేసులో ఐదుగురు న్యాయమూర్తులు మరో మాట చెప్పారు. సోదా అక్రమమైనంత మాత్రాన అందులో దొరికిన సాక్ష్యాన్ని పక్కన పెట్టనక్కర్లేదన్నారు.

అమెరికా మరో దారిలో వెళ్లింది. ఒక బాంబు పేలుడు కేసులో అనుమానితుడి కోసం 1957లో క్లీవ్‌లాండ్ పోలీసులు ఒక మహిళ ఇంటి తలుపు పగలగొట్టారు. వారంటు చూపించమంటే ఒక కాగితం ఊపారు. ఆమె లాక్కుంటే పెనుగులాడి తిరిగి తీసుకున్నారు. బాంబు కేసుకు సంబంధం లేని అసభ్య పుస్తకాలేవో దొరికితే వాటి మీద శిక్ష వేయించారు. ఆ వారంటు ఏనాడూ కోర్టుకు రాలేదు. 1961లో అక్కడి సుప్రీంకోర్టు శిక్ష రద్దు చేసి, ఇలా సంపాదించిన సాక్ష్యం రాష్ట్ర కోర్టుల్లో కూడా పనికిరాదని చెప్పింది. మ్యాప్ కేసుగా దానికి పేరు. దానివల్ల అక్కడి పోలీసులు సాధువులైపోలేదు, అది వేరే సంగతి. కాకపోతే తలుపు పగలగొట్టే ముందు కేసు పోతుందేమోనన్న ఆలోచన ఒకటి వాళ్లకు వచ్చి తీరుతుంది. ఇక్కడ ఆ భయం లేదు.

బలప్రయోగం సంగతీ ఇంతే. అరెస్టును ప్రతిఘటిస్తే అవసరమైన మార్గాలన్నీ వాడవచ్చు, కానీ మరణశిక్షో జీవిత ఖైదో పడే నేరం ఆరోపణ లేనివాడి ప్రాణం తీసే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదని సంహిత 43వ సెక్షన్ అంటోంది. ఖరక్ సింగ్ తీర్పు వచ్చిన తేదీనే, 1996 డిసెంబరు 18న, డి.కె. బసు కేసులో అరెస్టుకు సుప్రీంకోర్టు 11 మార్గదర్శకాలు ఇచ్చింది. స్టేషన్ గోడల మీద అవి వేలాడుతుంటాయి.

అయినా 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆయుధాలు లాక్కుని కాల్పులు జరిపారన్న పోలీసుల కథనాన్ని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నమ్మలేదు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. 2022 మేలో ఆ నివేదిక బయటికొచ్చింది. ఆ పూలను పోలీసుల మీద నమ్మకమనుకుంటే పొరపాటు. అవి కోర్టుల మీద అపనమ్మకంతో రాలిన పూలు. అలా చప్పట్లు కొట్టిన మనిషే సెల్‌ఫోన్ పోతే తెలిసిన నాయకుడితో ఫోన్ చేయించుకోనిదే స్టేషన్ మెట్లెక్కడు. ఫ్రెండ్లీ పోలీసింగ్ అని ఎన్ని బోర్డులు పెట్టినా ఆ అలవాటు చెక్కుచెదరలేదు.

కొత్త సంహిత ఒక మార్పు తెచ్చింది. 105వ సెక్షన్ ప్రకారం సోదా మొత్తం వీడియో తీయాలి, అందుకు సెల్‌ఫోన్ చాలు. ఆ రికార్డింగును జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. తీయకపోతే ఏమవుతుందో ఆ సెక్షన్ చెప్పదు, ఇంటివాళ్లకు కాపీ ఇవ్వమని కూడా అనదు. కాగితం విషయంలో మాత్రం పాత చట్టం ఇంకొంచెం ఉదారంగా ఉంది, కొత్తది దాన్ని అలాగే ఉంచింది. వారంటు లేని సోదాకు అధికారి రాసిన కారణాల నకలును ఇంటి యజమానో, అద్దెకుండేవారో మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టి ఉచితంగా తీసుకోవచ్చు. అక్కడ ఏ కాగితమూ లేదని తెలిస్తే, లాయరు చేతికి అదే మొదటి ఆయుధం.