పాపాయి ఉయ్యాల - ఆరు సెంటీమీటర్ల లెక్క

"డాక్టరుగారూ, పాపకి ఉయ్యాల ఇంట్లోనే చేస్తున్నాం, ఫరవాలేదా?" అని అడిగేవారు ఇప్పటికీ వున్నారు. చేసుకోండి, నేను వద్దనను. కాని ముందు ఒక్క సంగతి విని, ఆ తరువాత రంపం పట్టుకోండి.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన వూళ్ళో రిటైరైన డ్రిల్లు మాస్టారొకరు వుండేవారు. పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని రంపం, చిత్రిక, ఉలులతో కాలక్షేపం చేసేవారు. మొదటి మనవరాలు పుట్టగానే టేకుతో ఉయ్యాల చేసి, నాలుగు మూలలా నాలుగు చిలకల్ని చెక్కి నిలబెట్టారు. పాపని ఉయ్యాలలో వేసేనాడు నన్నూ పిలిచారు. వెళ్ళాను, బొబ్బట్లు తిన్నాను, పనితనం మెచ్చుకున్నాను. కమ్మీల మధ్య ఖాళీ ఎంతుందో చూడాలని మాత్రం వైద్యుణ్ణయిన నాకు తోచలేదు.

పాపకి ఐదో నెల. ఒక మధ్యాహ్నం నిద్రలేచి కాళ్ళు తన్నుకుంటూ పక్కకి దొర్లింది. కాళ్ళు కమ్మీల మధ్యనుంచి బయటికి వచ్చాయి. తరువాత నడుము, ఛాతీ కూడా జారాయి. తల ఆగిపోయింది. పాప మెడ మీద వేలాడుతోంది. ఏడుపు లేదు, ఏడవటానికి ఊపిరాడాలి కదా! పక్కగదిలో చిక్కుళ్ళు వొలుస్తున్న మామ్మగారు ఉయ్యాల వూగుతున్న చప్పుడు తేడాగా వుందని తొంగి చూశారు. పాప బరువంతా తన రెండు చేతుల మీదికి ఎత్తి పట్టుకుని కేకలు వేశారు. మాస్టారు వచ్చి తన రంపంతోనే కమ్మీ కోశారు. నా దగ్గరికి తెచ్చేసరికి గడ్డం కింద కమిలి, పెదవులు నల్లబడి వున్నాయి. పాప దక్కింది.

ఎందుకిలా జరుగుతుంది? పెద్దవాళ్ళకి భుజాలు, ఛాతీ తలకంటే వెడల్పు. పసివాళ్ళకి తలే పెద్దది. ఒళ్ళు మెత్తగా నలిగి సందులోంచి దూరిపోతుంది, తల దూరదు. మాస్టారి ఉయ్యాలకి కమ్మీల మధ్య ఖాళీ మూడున్నర అంగుళాలు. అది 6 సెంటీమీటర్లకు మించకూడదు. అమెరికా ప్రభుత్వం పిల్లల మంచాలకి ఈ కొలతని 1973లోనే నిబంధనగా పెట్టింది.

మాస్టారు ఉయ్యాలని పొయ్యిలో పెడతానన్నారు. నేనే ఆపాను. ప్రతి రెండు కమ్మీల మధ్యా ఇంకొకటి బిగించమన్నాను. చిలకల్ని కోసేయమన్నాను. మూలల్లో పైకి పొడుచుకువచ్చిన గుబ్బలకి చొక్కాయో, మెడలో తాయెత్తు దారమో తగులుకుంటే ఉరి పడుతుంది. ఆయనకి కమ్మీలకంటే చిలకల దగ్గరే ఎక్కువ బాధ కలిగింది.

రంగు సంగతి. పళ్ళు వచ్చే బిడ్డ ఉయ్యాల అంచుని కొరుకుతుంది. రంగులో సీసం వుంటే అది కడుపులోకి పోయి రక్తహీనత తెస్తుంది, మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించరాదన్న నియమం 2017 నవంబరునుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు మిగిలిపోయిన డబ్బాలు అటకమీంచి దింపకండి. పాత తలుపు చెక్కలు వాడేవారు వాటి రంగుని గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఇంకా ప్రమాదం. చెదమందు పట్టించిన కర్ర అసలే వద్దు.

పరుపు గట్టిగా, సమంగా వుండాలి. పరుపుకీ అంచుకీ మధ్య రెండు వేళ్ళకి మించి సందు వుంటే బిడ్డ ముఖం అందులో ఇరుక్కుంటుంది. పరుపు పైనుంచి అంచు జానెడెత్తుకి తగ్గకూడదు. తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండు పెడతారు. అది కూడా వద్దు. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టండి. అమెరికాలో 1994లో ఈ ప్రచారం మొదలయ్యాక, కారణం తెలియకుండా నిద్రలో పోయే పసివాళ్ళ సంఖ్య దాదాపు సగానికి తగ్గింది.

వూపి వదిలేస్తే ఉయ్యాల సమమట్టంగా ఆగాలి. ఒక పక్కకి వొరిగితే బిడ్డ ఆ పక్కకే దొర్లి ముక్కు అంచుకి ఆనుతుంది. పది కిలోల బియ్యం మూట పెట్టి ఒక రోజంతా వూపి చూడండి. మేకులకంటే మరలు నయం. వూపుడుకి మేకులు వదులవుతాయి. ఇక బిడ్డ బోర్లా పడటం మొదలుపెట్టిన రోజున ఉయ్యాల పని అయిపోయినట్టే. మాస్టారి మనవరాలు అప్పటికి పది రోజులుగా బోర్లా పడుతోందట, ఎవరూ ఉయ్యాల తీయలేదు.

తరువాత వారం మాస్టారు ఆసుపత్రికి వచ్చి ఒక టేకు ముక్క నా బల్లమీద పెట్టారు. సరిగ్గా 6 సెంటీమీటర్ల వెడల్పు, చక్కగా చిత్రిక పట్టినది. కమ్మీల మధ్యనుంచి అది దూరిందంటే ఆ ఉయ్యాల పనికిరాదని లెక్క. ఉయ్యాల చేస్తున్నామని చెప్పినవారికి ఇప్పుడు దాన్నే ఇచ్చి పంపుతున్నాను, తిరిగి తెచ్చివ్వాలన్న షరతు మీద.