పద్యములో నిలిచిన పెద్ద సంఖ్య

చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు - ఇట్లు అరువదినాలుగు గళ్ళలోను రెట్టింపుగా ధాన్యము పోసినచో మొత్తమెంత? 18446744073709551615. ఇరువది అంకెల ఈ సంఖ్యను ఒక్క చంపకమాలలో ఇమిడ్చిన తెలుగు కవి పావులూరి మల్లన. రాజరాజనరేంద్రుని కాలపువాడుగా ప్రసిద్ధుడు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిగించినవాడు.

అంకెలకు బదులు మాటలు వాడుట ఆనాటి పద్ధతి. చంద్రుడు ఒకటి, వేదములు నాలుగు, బాణములు ఐదు, ఆకాశము సున్న. ఒకట్ల స్థానముతో మొదలిడి ఎడమకు వ్రాసికొనవలెను. ఈ పద్ధతి మన సీమకును పరిచితమే. నరసన్నపేట ప్రాంతపు నడగాం తామ్రశాసనమున గాంగరాజు వజ్రహస్తుని పట్టాభిషేక వత్సరమును ఆకాశము, ఋతువులు, నిధులు అను మాటలతో తెలిపిరి. అనగా 0, 6, 9. తిరుగవేసినచో శకవర్షము 960, క్రీస్తుశకము 1038. వజ్రహస్తుడు రాజరాజుకు సమకాలికుడే.

ఇది వట్టి చమత్కారము కాదు. తాటియాకుపై అంకె ఒకటి తప్పుపడినచో కనుగొనుట కష్టము. పద్యమున మాట తప్పినచో తరచుగా గణమో యతియో కుంటుపడి పట్టియిచ్చును.

ఇక సంఖ్య లోపలికి చూతము. 1, 2, 4 కూడిన 7. తరువాతి గడిలోని 8కి ఒకటి తక్కువ. ఎన్ని గళ్ళకైనను ఇదే తీరు. కావున మన సంఖ్య, అరువదినాలుగు రెండ్ల లబ్ధము కంటె ఒకటి తక్కువ. రెండు వర్గముల భేదము ఆ మూలముల మొత్తమును భేదమును గుణించిన లబ్ధమను బడిపాఠమును మరల మరల ప్రయోగించిన, అది 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆరింటి లబ్ధముగా విడిపోవును. ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలే యని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మెను. కడపటిది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలరు చూపెను. అంతటి గణితజ్ఞుని నమ్మిక తప్పిన తావు మల్లన పద్యపు సంఖ్యలోనే దాగియున్నది!

దాని పరిమాణమో? వేయి వడ్లగింజలు ఇరువది గ్రాములు తూగుననుకొన్నను, ఆ రాశి నేడు ప్రపంచమంతట ఏటేట పండు వడ్లకు నాలుగువందల రెట్లు మించును. వంశధార, నాగావళి తీరపు పంటలన్నియు అందులో గుప్పెడు.

తెలుగు తరగతిలో ఈ పద్యమును లెక్క యని దాటవేయుదురు. లెక్కల తరగతిలో పద్యమని తలపెట్టరు. ఇరువురు ఉపాధ్యాయులును కలిసి ఒక్క గంట దీనిని చెప్పి చూడుడు. పద్యమును విప్పి అంకెలు వ్రాయించి, వానిని కూడించుడు, 87 రావలెను. మూడుచే అది నిశ్శేషముగా భాగింపబడును గనుక సంఖ్యయు భాగింపబడును. గణితము పరభాషలోనే పలుకుననుకొను పిల్లవానికి, వేయేండ్ల నాడే అది తెలుగున పలికినదని అప్పుడు తెలియును.