చిత్రముల కొలతలు



నేటి నా ప్రసంగవిషయము చిత్రముల కొలతలు. కంప్యూటరు నెదుట కూర్చుండి బొమ్మలు దిద్దు యువకులకు చెప్పవలసిన సంగతి మనకేల యని కొందరికి తోచవచ్చును. కాని గోడకు వ్రేలాడు తాతముత్తాతల ఛాయాచిత్రములను ఆ యువకుల కిచ్చి పెద్దవి చేయించునది మీరే. కొలతలు వారికి తెలియును. ఆ ముఖములు మీకు తెలియును. ఏది మార్పవచ్చునో, ఏది మార్పరాదో చెప్పవలసిన భారము మీది.

చిత్రమునకు కొలతలు రెండు. మొదటిది ఆకారము, అనగా వెడల్పునకును ఎత్తునకును గల నిష్పత్తి. రెండవది సూక్ష్మత, అనగా ఆ చిత్రము ఎన్ని చుక్కలతో ఏర్పడినదను లెక్క. మన వరిమడిని తలచుకొనుడు. మడి నాలుగు పాళ్ల నిడివియు మూడు పాళ్ల వెడల్పును గలిగియుండుట ఆకారము. అందు ఎన్ని కుదుళ్లు నాటితిమనునది సూక్ష్మత. ఒకే ఆకారముగల రెండు మళ్లలో ఒకదాని నాటు ఒత్తుగాను, వేరొకదాని నాటు పలుచగాను ఉండవచ్చును. గట్టు జరిపినంతమాత్రమున కుదుళ్ల లెక్క పెరుగదు.

మొదట ఆకారమును గూర్చి చెప్పెదను. మచిలీపట్నమున జన్మించిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు మదరాసునందు ఛాయాచిత్రశాల నడపి, పిమ్మట చలనచిత్రప్రదర్శనమునకు పూనుకొనిరి. ఆ మూగచిత్రముల కాలమున తెరపై బొమ్మ ఇంచుమించు నాలుగింటికి మూడు పాళ్లుగా నుండెడిది. మాటలచిత్రములు వచ్చినపుడు ఫిలిముపై ధ్వనికి చోటు విడువవలసివచ్చెను. అందుచే 1932లో హాలీవుడ్డునందలి అకాడమీవారు ఎత్తు 1 అయినచో వెడల్పు 1.37 ఉండవలెనని నిర్ణయించిరి. 1953లో అమెరికాయందు సినిమాస్కోపు వచ్చెను. దాని కటకము విశాలమైన దృశ్యమును ప్రక్కలనుండి నొక్కి ఫిలిముపై పట్టును. ప్రదర్శనయంత్రపు కటకము దానిని మరల విప్పును. అందు వెడల్పు ఎత్తునకు ఇంచుమించు 2.35 రెట్లు. తెలుగున 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ మొదటి సినిమాస్కోపు చిత్రము.

1957లో విడుదలయైన ‘మాయాబజార్’ పాత ఆకారమునందలిది. అందు నటించిన నందమూరి తారకరామారావుగారు నిమ్మకూరివారు. అక్కినేని నాగేశ్వరరావుగారు గుడివాడ ప్రాంతపు రామాపురమువారు. పాటలు పాడిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చౌటపల్లిలో జన్మించినవారు. 2010 జనవరిలో హైదరాబాదునందలి గోల్డ్ స్టోన్ సంస్థవారు ఆ చిత్రమునకు రంగులద్ది, సినిమాస్కోపు ఆకారమున ప్రదర్శనకు తెచ్చిరి.

ఇచట గణితమును గమనింపుడు. 1.37 వెడల్పుగల బొమ్మను 2.35 వెడల్పుగల చట్రమున నింపుటకు మార్గములు మూడు. పైనో క్రిందనో కోయుట యొకటి. కోతతోనే నింపదలచినచో నూటికి 42 పాళ్ల బొమ్మ పోవును. ప్రక్కలకు సాగదీయుట రెండవది. లేని ప్రక్కభాగములను క్రొత్తగా చిత్రించుట మూడవది. నేటి టెలివిజను తెర 16కు 9 పాళ్లు. దానిపై పాత చిత్రమును నిండుగా సాగదీసినచో వెడల్పు దాదాపు నూటికి 30 పాళ్లు హెచ్చును. మార్కస్ బార్ట్లేగారు వెన్నెల నౌకావిహారమున చూపిన చందమామ గ్రుడ్డువలె నగును. సన్నని ముఖము ఉబ్బినట్లగును. ఇరుప్రక్కల నల్లని పట్టీలు విడిచి చూపుటయే న్యాయమైన పద్ధతి. ఆ పట్టీలను చూచి బొమ్మ తరిగినదని విసుగుకొనవలదు. బొమ్మ తరుగకుండుటకే అవి యున్నవి.

ఇక సూక్ష్మత. ఇప్పుడు ఇండ్లలో సాధారణమైన టెలివిజను తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి 20,73,600 చుక్కలు గలవు. చేత పట్టుకొని చూచు కాగితపు చిత్రమునకు అంగుళమునకు 300 చుక్కలుండిన చాలును. 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల ఎత్తుగల పాత ఛాయాచిత్రమును అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేయించినచో 2400కు 3600 చుక్కలు వచ్చును. దానిని రెండింతలు చేసి, 8కి 12 అంగుళములుగా అచ్చొత్తించినను తేటగానే యుండును. వీధి ఫ్లెక్సీని దూరమునుండి చూతుము గావున అంగుళమునకు అన్ని చుక్కలు అక్కరలేదు. వాట్సాపులో బొమ్మను మామూలుగా పంపినచో చుక్కలు తగ్గిపోవును. డాక్యుమెంటుగా పంపినచో ఉన్నవి ఉన్నట్లే చేరును.

చుక్కలు తక్కువయైన బొమ్మను ఎంత పెంచినను క్రొత్త వివరము పుట్టదు. పెడన కలంకారీ అచ్చుదిమ్మెపై చెక్కని రేఖ గుడ్డపై పడదుగదా. నేటి యంత్రములు కృత్రిమమేధతో లేని చుక్కలను కల్పించి, మసక ముఖమును నిగనిగలాడునట్లు చేయుచున్నవి. అది చూచుటకు ముచ్చటగానే యుండును. కాని యంత్రమునకు మీ నాయనగారు తెలియరు. అది చూచిన లక్షలాది యితరుల ముఖములనుండి ఊహించి కన్నులు దిద్దును, పుట్టుమచ్చ తుడిచివేయును. పటము ముందు నిలిచి ‘ఈయన మావాడేనా?’ యని చూడవలసినవారు మీరు. మీ తరము గడచిన పిదప ఆ ప్రశ్న వేయువారుండరు. యంత్రము కల్పించిన ముఖమే మనుమల కండ్లకు తాతగారి ముఖమగును.

1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన దివిసీమలో వేలమంది ప్రాణములను, ఇండ్లను, ఇండ్లలోని సమస్తమును కొనిపోయెను. ఛాయాచిత్రము ఒకే ప్రతిగా ఒకే యింట నుండుటలోని అపాయమును ఆ సీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు. కావున నా మనవి యిది. పాత పటమును మొదట దిద్దకుండ, కోయకుండ, అంగుళమునకు 600 చుక్కలకు తక్కువ గాకుండ స్కాను చేయింపుడు. దానిని రెండు వేర్వేరు ఊళ్లలో దాచుడు. పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి జతపరచుడు. తరువాత చట్రమునకు తగినట్లు కోయుట, రంగులద్దుట మొదలైన ముచ్చటలన్నియు నకలుమీదనే చేయింపుడు. అచ్చునకు పోవుటకు ముందు ఒక్కసారి మూలము ప్రక్కన నకలునుంచి, మీ కండ్లతో పోల్చి చూడుడు.