మామిడి మాగుటలోని మర్మం

తిరువూరు ప్రాంతపు తోటలలో కోసి తెచ్చిన ముదురు మామిడికాయలను వరిగడ్డిలో మాగవేసి కొన్నాళ్లు ఓపిక పడతాము. కోసిననాడు పుల్లగా ఉన్న కాయ పిదప తీయనవుతుంది. మనమేమీ పంచదార కలుపలేదు గదా! ఈ తీపి ఎక్కడిది?

కాయలోని పిండిపదార్థమే దీనికి మూలం. కర్బనము, ఉదజని, ఆమ్లజని కలిసి ఏర్పడిన గ్లూకోజు అణువులను వందలు వేలుగా పూసలవలె గుచ్చిన దండయే పిండి. అంత పెద్ద దండ నాలుకకు తీపి తెలుపదు. కాయ మాగునపుడు అందులోనే ఎథిలీను అనే వాయువు పుడుతుంది. దాని ప్రేరణతో ఎంజైములు దండను తెంపుతవి, చక్కెరలు ఏర్పడుతవి. పులుపునిచ్చే ఆమ్లాలు తగ్గుతవి.

విశేషమేమంటే, కాయను కప్పిన గడ్డిలోని సెల్యులోజు కూడ గ్లూకోజు దండయే. పూసలను కూర్చిన తీరు మాత్రం వేరు. అందుచేత అది మనకు అరగదు. ఎద్దు తన పొట్టలోని సూక్ష్మజీవుల సాయంతో అరిగించుకొంటుంది.

తొందరపడి కాల్షియం కార్బైడు వాడేవారున్నారు. తేమ తగిలి దాని నుండి వెలువడే ఎసిటిలీను తొక్కకు రంగు తెస్తుంది. లోపలి పిండి పూర్తిగా చక్కెర కాకపోవచ్చు. పైగా కార్బైడులో ఆర్సెనిక్ జాడలుండవచ్చు. అందుకే 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దీనిని నిషేధించినవి.

ఒక ముక్కపై టింక్చరయోడిను చుక్క వేసి చూడండి. ముదురు నీలం తేలితే పిండి మిగిలియున్నట్లే. ఆ ముక్కను పారవేయండి. ఇకమీదట రంగు చూచి మోసపోక, తొడిమ వద్ద వాసన చూచి కొనండి.