పెన్న యొడ్డున పారేబాగు

కడప మండలమునకు కడలి లేదు. అలల మ్రోత వినవచ్చు ప్రాచీన విలాసగృహమును చూడగోరువారు విశాఖకో భీమునిపట్టణమునకో పోవలసినదే. అయినను, రేనాటి చోళరాజగు ధనంజయుని తెలుగు శాసనముచే ప్రసిద్ధికెక్కిన కలమల్లను దర్శించి, జమ్మలమడుగు మీదుగా గండికోటకు వచ్చి, ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పాఱుచున్న పెన్నను దరిమీదినుండి చూచిన యాత్రికునకు ఆ కొఱత తోపదు.

పెమ్మసాని నాయకు లేలిన యీ దుర్గమును 1650 ప్రాంతమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకొనెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే అతని నిక్కడనే కలసికొనెను.

మసీదును, ధాన్యాగారమును, మాధవరాయ ఆలయమును అందఱును చూతురు; పారేబాగు మాటయే పలువురకు తెలియదు. అది కోటకు వెలుపల, కొండ దిగువను, ఏటియొడ్డున నున్న విహారమందిరము. పైనున్న రాయలచెరువు నీరు గొట్టములగుండ దిగివచ్చి, ఆ యెత్తువలని యొత్తిడిచేతనే, ఏ యంత్రమును లేకుండ, అక్కడి ఫౌంటెనులో పైకి చిమ్మెడిదని చెప్పుదురు. ఆ చెరువు క్రిందనే నిమ్మతోటలును అరటితోటలును పెరిగినవి. నిప్పులు చెఱగు కడప యెండ నెఱిగినవారికి, నవాబులు పారేబాగులో విడిది చేసియుందురనుట నమ్మదగినదిగనే తోచును. కోటలోని రాణీమహలు చూచి వెనుదిరుగక, ఎండ చల్లారిన పిదప తోడొకరిని వెంటబెట్టుకొని దిగువకు పోవలెను. దారిలో రాళ్లు జారును.