స్పెల్లింగ్ చూసి రైమ్ కడితే: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపురాలో నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే ఏడో తరగతి అమ్మాయి ఓ సాయంత్రం నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది. స్కూల్ మ్యాగజైన్‌కు ఇంగ్లిష్ కవిత రాయాలట. మొదటి పాదం చివర 'లవ్', రెండో పాదం చివర 'మూవ్'.

"సార్, చివరి మూడక్షరాలు ఒక్కతీరే ఉన్నయి. కలిసినట్టే కదా?"

"పైకి చదువు బిడ్డా."

చదివింది. రెండో పాదం చివర ఆగిపోయింది. "కలుస్తలేదు సార్!"

ఆ పిల్ల పడ్డ తికమక చాలామంది పెద్దలకూ ఉంది.

అపోహ: చివరి అక్షరాలు ఒకటైతే రైమ్ కుదిరినట్టే.

వాస్తవం: ఇంగ్లిష్‌లో రాతది ఒక దారి, పలుకుది ఇంకో దారి. 'ఓ, యూ, జీ, హెచ్' అనే నాలుగక్షరాలతో ముగిసే మాటలు చూడండి: టఫ్, కాఫ్, దో, త్రూ. నాలుగూ నాలుగు రకాలు. మరోవైపు, రోజుకు 'డే', తూచడానికి 'వే', బూడిదరంగుకు 'గ్రే'. మూడింటి చివరా వేర్వేరు స్పెల్లింగులు, రైమ్ మాత్రం ఒకటే. ఇక్కడ మన లిపి భలే అక్కరకొస్తుంది. పదాన్ని తెలుగులో రాసి చూస్తే కలిసేదేదో, కలవనిదేదో చాలావరకు తేలిపోతుంది. కాకపోతే డిక్షనరీలో ఉచ్చారణ చూసి రాయాలి. మనం 'బాంబు' అంటాం గానీ, ఇంగ్లిష్‌లో ఆ చివరి 'బ' పలకదు.

అపోహ: పదం చివర ఒకే మోత వినిపిస్తే చాలు.

వాస్తవం: 'సింగింగ్', 'రన్నింగ్' రెండింటి చివరా 'ఇంగ్' ఉంది, అయినా అవి సరైన రైమ్ కావు. పలికేటప్పుడు ఊనిక పడే అచ్చు ఎక్కడుందో చూసుకుని, అక్కడి నుంచి చివరిదాకా అంతా కలవాలి. 'సింగింగ్'కు జత 'బ్రింగింగ్'. 'నేషన్'కు 'స్టేషన్' కలుస్తుంది, 'ఫ్యాషన్' కలవదు. ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం మారాలి. కుడికీ 'రైట్', రాయడానికీ 'రైట్' అని జత కడితే చెవికి ఒకే మాట రెండుసార్లు విన్నట్టుంటుంది. ముషాయిరాలకు వెళ్లే పాతబస్తీవాళ్లకు ఈ తేడా చప్పున అర్థమవుతుంది. గజల్‌లో మారకుండా తిరిగొచ్చేది రదీఫ్, దానికి ముందు మారుతూ కలిసేది కాఫియా. రైమ్ కాఫియాకు చుట్టం.

అపోహ: తెలుగు ప్రాస, ఇంగ్లిష్ రైమ్ ఒకటే.

వాస్తవం: పద్యంలో మన ప్రాస ఉండేది పాదంలో రెండో అక్షరం దగ్గర. అక్కడ హల్లు ఒకటైతే చాలు, అచ్చు మారినా తప్పు లేదు. అందుకే 'పలక'కు 'చిలుక' ప్రాస కుదురుతుంది. ఇంగ్లిష్‌లో అచ్చు మారిందా, రైమ్ పోయినట్టే: 'బుక్', 'బ్యాక్' జత కావు. రైమ్‌కు దగ్గరగా వచ్చేది మన అంత్యప్రాస.

అపోహ: సిల్వర్, పర్పుల్, ఆరెంజ్‌లకు రైమే లేదు.

వాస్తవం: ఉంది. ఆడ గొర్రెపిల్లను 'చిల్వర్' అంటారు. గుర్రం వెనుకభాగానికి 'కర్పుల్' అనే పాత మాట ఉంది. వేల్స్‌లో 'బ్లోరెంజ్' అనే కొండ ఉంది. అయితే ఇవి కవితలోకి సులువుగా ఒదిగే మాటలు కావు. మరి కవులేం చేస్తారు? 1879లో హైదరాబాద్‌లోనే పుట్టిన సరోజినీ నాయుడు ఈ ఊరి బజార్ల మీద ఇంగ్లిష్‌లో కవిత రాశారు. 1912లో వచ్చిన 'ద బర్డ్ ఆఫ్ టైమ్' సంపుటిలో ఉందది. మొదటి చరణంలోనే సిల్వర్, పర్పుల్ రెండూ కనిపిస్తాయి. అక్కడ రెండు, నాలుగు, ఆరు పాదాలకే రైమ్: డిస్‌ప్లేడ్, బ్రొకేడ్, జేడ్. 'సిల్వర్'ను రైమ్ అక్కర్లేని మూడో పాదం చివర పెట్టారు, 'పర్పుల్'ను నాలుగో పాదం మధ్యలో సర్దారు. మొండి మాటను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియడమూ పనితనమే. 'డిస్‌ప్లేడ్' స్పెల్లింగ్ మిగతా రెండింటితో కలవదని కూడా గమనించండి.

అపోహ: రైమింగ్ డిక్షనరీ చూడటం కాపీ కొట్టడమే.

వాస్తవం: జాన్ వాకర్ 1775లో పదాలను చివరి అక్షరాల వరసలో పేర్చి డిక్షనరీ వేశాడు. 1818 నాటి 'బెప్పో' కావ్యంలో బైరన్ అంతటివాడే దాని పేరెత్తి తనమీద తానే జోకు వేసుకున్నాడు. ఇప్పుడు కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఉచ్చారణ నిఘంటువులో 1,34,000కు పైగా పదాలున్నాయి. కంప్యూటర్ రైమ్ వెతకడానికి అలాంటి పట్టికలే ఆధారం. ఒక్క జాగ్రత్త: అందులో ఉన్నది అమెరికా పలుకు. అక్కడ 'క్లాస్'ను 'క్ల్యాస్' అంటారు కాబట్టి 'గ్యాస్'తో కలుస్తుంది. మన బడిలో 'క్లాస్'కు 'గ్లాస్' కలుస్తుంది గానీ, 'గ్యాస్' కలవదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పనేలేదు కదూ. 'లవ్'కు కలిసే మాటలు వెతకమంటే డిక్షనరీ ముందేసుకుని మూడు రాసుకుంది: గ్లవ్, అబవ్, డవ్. మూడో దాని దగ్గర పెన్ను ఆగింది.

"సార్, మక్కా మసీదు పావురాలను డవ్ అనొచ్చా?"

"అనొచ్చు బిడ్డా."

'మూవ్' ఉన్న పాదమంతా కొట్టేసింది. గింజలు చల్లగానే గుంపుగా వాలి, అలికిడి కాగానే రెక్కలు టపటపలాడిస్తూ లేచే పావురాల మీద కొత్త పాదం మొదలుపెట్టింది. ఈసారి రాస్తూ రాస్తూనే పైకి చదువుకుంటోంది.