బేరం ఆడవలసింది టేపు దగ్గర

శంకుస్థాపన ముహూర్తం బుధవారం. మేస్త్రి ఆదివారం వచ్చాడు. అరుగు మీద చాప వేశారు. కాఫీ ఇచ్చారు.

"చదరపు అడుగు 1,850 పడుతుంది బాబాయ్" అన్నాడు మేస్త్రి.

"అంత ఎక్కడ తెచ్చేది అబ్బాయ్, 1,750 చేసుకో" అన్నాడు ఇంటాయన.

అటు లాగి ఇటు లాగి 1,800 దగ్గర తెగింది. అడుగుకు 50 రూపాయలు తగ్గించానని ఇంటాయన సంబరపడి అడ్వాన్సు చేతిలో పెట్టాడు.

మన పల్లెల్లో చాలా ఇళ్ల బేరం ఇలాగే నడుస్తున్నది. ఇందులో గెలిచిందెవరో లెక్క వేసి చూద్దాం.

గోడల బయటి కొలత 30 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు అనుకోండి. 750 చదరపు అడుగులు. అడుగుకు 50 చొప్పున ఇంటాయనకు కలిసి వచ్చింది 37,500 రూపాయలు. మంచిదే. అయితే ఎండా వానా గోడకు తగలకుండా స్లాబును నాలుగు వైపులా రెండేసి అడుగులు బయటికి వదిలారు. ఇప్పుడు స్లాబు కొలత 34, 29 అడుగులు. అంటే 986 చదరపు అడుగులు. మేస్త్రి స్లాబును కొలిచి లెక్క కడితే అదనంగా వచ్చే 236 అడుగులకు 4,24,800 రూపాయలు ఇవ్వవలసి ఉంటుంది. చదరపు అడుగు అంటే ఏ చదరపు అడుగు అని ఒక్క మాట అడగనందుకు ఇది.

దీన్ని మోసం అనలేం. స్లాబు కొలత మీద లెక్క కట్టే పద్ధతి ఊళ్లలో ఉన్నదే. ఏ కొలత అన్నది అడ్వాన్సుకు ముందే తేలాలి, అంతే. ఒక మేస్త్రి గోడల కొలత మీద 2,100 అన్నాడు, ఇంకొకడు స్లాబు కొలత మీద 1,800 అన్నాడు. వినడానికి రెండోవాడే చౌక. లెక్క వేస్తే మొదటివాడికి 15,75,000, రెండోవాడికి 17,74,800. అందుకే రేటు కాదు, మొత్తం ఎంతవుతుందో అడగండి. ఒకే ప్లాను, ఒకే పనుల జాబితా కనీసం ఇద్దరు మేస్త్రులకు చూపించి అడగండి.

రేటులో ఏముంది?

"అది వేరే అండీ" అన్న మాట ఇల్లు కట్టినవారందరికీ తెలుసు. మెట్లు వేరే. మేడ మీద పిట్టగోడ వేరే. సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు, ప్రహరీ, వంటింట్లో గట్టు, అటకలు అన్నీ వేరే. పునాది మీద మెరక తోలడం ఎవరి ఖర్చు? గుమ్మాలు, కిటికీలు ఏ కర్రతో? వైరింగులో ఎన్ని పాయింట్లు? ఇవి మాట్లాడకుండా తగ్గించుకున్న రేటు పని సగంలో మళ్లీ పెరుగుతుంది. బేరానికి కూర్చున్నప్పుడు ఇంటి ఆడవారిని లోపల ఉంచేయకండి. అటక ఎక్కడ కావాలో, గట్టు ఎంత ఎత్తుండాలో వారికి తెలిసినట్టు మగవారికి తెలియదు.

కూలి కాంట్రాక్టు అయితే సామాను మీది. వృథా అయితే నష్టం మీదే. కాబట్టి సెంట్రింగు చెక్కలు, మిల్లరు, పరంజా కర్రలు ఎవరు తెస్తారో తేల్చుకోవాలి. సామానుతో సహా ఇచ్చేస్తే మిగులు కోసం మేస్త్రి చూసేది సిమెంటులో, ఇనుములో. స్లాబుకు ఎన్ని ఎంఎం రాడ్డు, ఎన్ని అంగుళాలకు ఒకటి, స్లాబు మందం ఎంత, ఏ కంపెనీ సిమెంటు అన్నవి కాగితం మీదకు రావాలి.

ఇనుము విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. రాడ్డు ఎంఎంను అదే అంకెతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఆ ప్రకారం 12 మీటర్ల రాడ్డు 8 ఎంఎం అయితే సుమారు 4.7 కిలోలు, 10 ఎంఎం 7.4, 12 ఎంఎం 10.7 కిలోలు తూగాలి. కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు. బాగా తగ్గితే అడగవలసిందే.

ముందు గొయ్యి తవ్వండి

నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దానితో పాటు గోడలూ బీటలు తీస్తాయి. ఎర్రనేలలో సరిపోయే పునాది లోతు అక్కడ చాలదు. మేస్త్రి మూడు అడుగులని లెక్క వేసి రేటు చెబుతాడు. తవ్వాక గట్టి నేల అయిదు అడుగుల దగ్గర తగులుతుంది. అప్పుడు మళ్లీ మొదటికి. బేరానికి ముందే స్థలంలో ఒక మూల గొయ్యి తీయించి చూస్తే ఒకరోజు కూలి ఖర్చు. అనుకున్న లోతు దాటితే అడుగుకు ఎంత అదనమో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.

ముహూర్తం పెట్టుకుని మేస్త్రిని వెతకడం మనవాళ్ల అలవాటు. రేపు ఆషాఢం, తర్వాత ముహూర్తాలు లేవు అన్న తొందర మేస్త్రికి తెలిస్తే ఇక తగ్గేదేముంది? ముందు ఒప్పందం కుదుర్చుకుని తర్వాత పంతులు గారి దగ్గరకు వెళ్లండి.

డబ్బు పని వెనుక నడవాలి

స్లాబు పడగానే మేస్త్రి ఇంకో ఊళ్లో పని పట్టుకోవడం, ప్లాస్టింగుకు నెలల తరబడి రాకపోవడం కొత్త సంగతి కాదు. అతని చేతికి అప్పటికే ముప్పాతిక డబ్బు చేరి ఉంటుంది. ప్రభుత్వ గృహ పథకాల్లో కూడా పునాది, గోడలు, స్లాబు చూసుకుంటూ దశలవారీగానే డబ్బు విడుదల చేస్తారు. సొంత డబ్బుకు అంతకన్నా జాగ్రత్త ఉండవద్దా? అడ్వాన్సు తక్కువ ఇవ్వండి. ప్లాస్టింగుకు, చివరి పనులకు సరిపోయే సొమ్ము మీ దగ్గరే ఉండేటట్టు వాయిదాలు రాసుకోండి. పదో వంతైనా కుళాయిల్లో నీళ్లు చూశాకే ఇవ్వండి. మేస్త్రి వైపు న్యాయమూ చూడాలి. వారం వారం కూలీలకు ఇవ్వవలసినవాడు అతను. పని అయిన మర్నాడు డబ్బు ఇచ్చే ఇంటాయనకు తక్కువ రేటుకు ఒప్పుకునే మేస్త్రులున్నారు. అది కూడా బేరంలో వాడుకోదగిన మాటే.

మధ్యలో సిమెంటు, ఇనుము ధర పెరిగితే ఎవరు భరించాలో, పని ఎన్ని నెలల్లో ముగించాలో రాయించండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటి మాట ఒప్పందమూ చెల్లుతుంది. కాని దాన్ని రుజువు చేయడం కష్టం. స్టాంపు కాగితం మీద రెండు ప్రతులు రాసి, ప్లాను జతచేసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించాలి. ఇచ్చిన ప్రతి మొత్తానికీ తేదీతో సంతకం తీసుకోవాలి. ఫోనులో పంపితే దానికి ఆధారం ఎటూ మిగులుతుంది.

ఇంత చేసినా మేస్త్రి పని వదిలేసి పోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఇంటి నిర్మాణం 1993 నుంచి వినియోగదారుల చట్టం కింద సేవగా ఉన్నది. 2019 చట్టంలోనూ అలాగే ఉంచారు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. రెండేళ్లలోగా వేయాలి. సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అక్కడ మొదట అడిగేది ఒప్పంద కాగితం, రసీదులే.